కన్ను తప్పిన పుంజు

మా అమ్మకు చెక్కపొట్టు గిట్టదు. కొందరికి బల్లి గిట్టదు, కొందరికి పచ్చి ఉల్లిపాయ వాసన గిట్టదు. అమ్మకు చెక్కపొట్టు. మా ఆవిడ పుట్టింటికి, అంటే చెక్కపనివాళ్ళ ఇంటికి, వెళ్ళి వస్తే అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, జడ దులుపుకోమని, కొంగు విదిలించుకోమని చెప్పి, అప్పుడుగాని షెడ్డులోకి రానిచ్చేది కాదు. కొత్తలో మా ఆవిడ దీన్ని అత్తగారి సాధింపు అనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఒకరోజు అమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, కిటికీ వెలుగులో ఒక రాగిరేకును ఏటవాలుగా పట్టి చూపించింది. అద్దంలా మెరిసే రేకు మీద వెంట్రుక మందాన ఒక గీత.

"ఇదేంటో చెప్పు."

"గీత, అత్తయ్యా."

"మీ నాన్నగారు. నీ కొంగు పట్టుకుని వచ్చారు. నేను తుడిచే గుడ్డ కింద నలిగి ఇదిగో ఇలా గీసి పోయారు. ఇప్పుడీ గీతలో ఇంకు కూచుంటుంది. ఎన్ని కాగితాలు తీస్తే అన్నిటి మీదా మీ నాన్నగారే."

ఆ రోజు నుంచి మా ఆవిడ ఎవరూ చెప్పకుండానే జడ దులుపుకుంటోంది.

మాది అచ్చుబొమ్మల ఇల్లు. పుస్తకాలూ కరపత్రాలూ కాదు, బొమ్మలు. ఒక బొమ్మను ఒకసారి సిద్ధం చేసుకుని, దాన్నుంచి ఒకేలాంటి కాగితాలు తీసే పని. బయటివాళ్ళకు ఇదంతా ఒకటే. లోపలివాళ్ళకు ఇందులో నాలుగు దారులున్నాయి. ఏ దారివాళ్ళు ఆ దారిన నడుస్తూ మిగతా మూడింటినీ చూసి జాలిపడుతుంటారు.

మా ఆవిడ నాన్నది, అంటే మా మామయ్యది, చెక్కదారి. నున్నగా చిత్రిక పట్టిన చెక్క మీద బొమ్మ వేసుకుని, బొమ్మ కానిదంతా ఉలితో తీసేస్తారు. పైకి నిలిచిందే బొమ్మ. రోలరుతో ఇంకు పూస్తే నిలిచిన మిట్టలకే అంటుతుంది, తీసేసిన పల్లాలకు అంటదు. కాగితం పెట్టి నొక్కితే మిట్టలు మాట్లాడతాయి. రంగుకో చెక్క. మూడు రంగులంటే మూడు చెక్కలు, మూడుసార్లు నొక్కుడు.

అమ్మది రాగిదారి. అక్కడ లోకం తలకిందులు. రేకుకు మైనం పూసి, మైనాన్ని సూదితో గీసి, రేకును ఆసిడ్ తొట్టిలో పడుకోబెడుతుంది. మైనం ఉన్నచోట ఆసిడ్ నోరు పెట్టదు. సూది గీసినచోట మాత్రం రాగిని కొరుక్కుని పల్లం చేస్తుంది. తర్వాత మైనం కడిగేసి, రేకంతా ఇంకు పులిమి, పైనున్న ఇంకునంతా గుడ్డతో తుడిచేస్తుంది. పల్లాల్లో దాక్కున్నది మాత్రం మిగులుతుంది. దాన్ని బయటికి లాగాలంటే కాగితం మెత్తగా ఉండాలి. అందుకని కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి తడి ఆరనిచ్చి, చెమ్మగా ఉండగానే రేకు మీద పరిచి, పైన మందపాటి కంబళి కప్పి, రెండు గుండ్రటి ఉక్కు దిమ్మెల మధ్య నుంచి చక్రం తిప్పుతూ లాగుతుంది. కాగితం గీతల్లోకి దిగి ఇంకును జుర్రుకుని వస్తుంది. నీడలు కావలసినచోట గుగ్గిలం పొడి చల్లి, వేడి చేసి, మళ్ళీ ఆసిడ్‌లో పెడుతుంది. అప్పుడు పుట్టే బూడిదరంగు చూస్తే తెల్లవారే ముందు గోడల మీద ఉండే వెలుగు గుర్తొస్తుంది.

పోయిన మా నాన్నది రాతిదారి. గీకుడూ లేదు, కొరుకుడూ లేదు. నున్నటి రాయి మీద జిడ్డు పెన్సిల్‌తో గీస్తే చాలు. రాయి తడిపి ఇంకు రోలరు నడిపితే, జిడ్డు ఉన్నచోట ఇంకు పట్టుకుంటుంది, నీళ్ళున్నచోట జారిపోతుంది. నూనెకూ నీళ్ళకూ ఉన్న వైరం మీద బతికే విద్య. నాన్న రాయి ఇప్పటికీ షెడ్డు మధ్యలో ఉంది. దాన్ని కదిపే మనిషి లేక ఉంది, కదపాలన్న మనసు ఎవరికీ లేక ఉంది.

నాది గుడ్డదారి. చట్రానికి బిగించిన సన్నటి గుడ్డలో బొమ్మ ఉన్నచోట కన్నాలు వదిలి, మిగతాచోట మూసేసి, పైనుంచి రబ్బరు పలకతో ఇంకు లాగుతాను. కన్నాల్లోంచి దిగినది బొమ్మ. దుకాణాల సంచుల మీదా, ఆటలవాళ్ళ చొక్కాల మీదా ఉండేది నా కళే. అమ్మ దీన్ని ఎప్పుడూ తిట్టలేదు. "జల్లెడ పట్టడం అయిందా?" అని మాత్రం అడుగుతుంది.

మామయ్య షాపున్న వీధి వెడల్పు చేస్తామని పెద్దాఫీసు నుంచి మనుషులొచ్చి గోడకు ఎర్రగీత పెట్టిపోయారు. ఆ గీత షాపు నడిమధ్యగా పోయింది. చెక్కలంటే సంచుల్లో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. ప్రెస్సును ఎక్కడ పెడతారు? అది నిలువెత్తు ఇనుప ప్రెస్సు. పిడి లాగితే బరువైన పలక దిగి కాగితాన్ని చెక్కకు అదుముతుంది. పాత ఇనుము కొనే అతను అప్పుడే వచ్చి, దాన్ని గేదెను చూసినట్టు చుట్టూ తిరిగి చూసి, వీపు తట్టి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆవిడ మెల్లగా కదిపింది.

"అత్తయ్యా, మన షెడ్డులో కిటికీ పక్కన చోటుంది కదా."

"ఉంటే?"

"నాన్న ప్రెస్సు పడుతుంది."

అమ్మ ముద్ద కలపడం ఆపలేదు. "పడుతుందమ్మా. ప్రెస్సుతోపాటు మీ నాన్నగారొస్తారు. ఆయనతోపాటు పొట్టొస్తుంది. నా రేకులు తీసుకెళ్ళి ఏ బావిలో పెట్టుకోను?"

"నేను ఊడుస్తానండీ."

"గాలిని కూడా ఊడుస్తావా?"

నేను పెరుగు వడ్డించుకోవడంలో మునిగిపోయాను. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాట నడుస్తున్నప్పుడు పెరుగుగిన్నెను మించిన ఆసరా లేదు.

మా ఆవిడ ఊరుకునే రకం కాదు. మర్నాడు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. మామయ్య గుమ్మం బయటే చెప్పులు విడిచి, చొక్కా దులుపుకుని, మీసం దువ్వుకుని, అయినా చెవుల మీద వెంట్రుకల్లో పొట్టుతోనే నిలబడ్డారు. వీధిపిల్లలు ఆయనను పొట్టుతాత అంటారు. మా అమ్మను ఆసిడ్ అత్త అంటారు. రెండు పేర్లూ ఎదురుగా పిలిచే ధైర్యం ఎవరికీ లేదు.

"రండి అన్నయ్యగారూ. అక్కడే ఆగారేం?"

"ఇక్కడే బాగుంది చెల్లెమ్మా. గాలి నా మీదుగా లోపలికి రావట్లేదు, బయటికి పోతోంది. చూసుకునే నిలబడ్డాను."

అమ్మకు నవ్వొచ్చింది గాని బయటపడలేదు. స్టూలు జరిపి గుమ్మంలోనే వేసింది. మామయ్య అడగాల్సింది అడగలేదు. రోడ్డు సంగతీ, ఎర్రగీత సంగతీ చెప్పి, చేతులు చూసుకుంటూ కూచున్నారు. అడగడం చేతకాని మనిషి ఎదురుగా కూచుంటే కాదనడం ఎంత కష్టమో ఆ రోజు అమ్మ మొహంలో చూశాను.

"నేను దాచి మాట్లాడను అన్నయ్యగారూ," అంది చివరకు. "మీ పని గొప్పదే. మీ చెక్క చూస్తే నాకు ఇప్పటికీ కళ్ళు చెదురుతాయి. కాని ఒక గదిలో రెండు పనులు బతకాలంటే ఒకదాన్నొకటి ఓర్చుకోవాలి. ఆ సంగతి మాటలతో తేలదు. ఒక బొమ్మ చేద్దాం. గీతలు నా రేకు మీద, రంగులు మీ చెక్కల మీద. రెండూ ఒక్క కాగితం మీద ఇమిడితే, ఒక్క గదిలో మనమూ ఇముడుతాం. ప్రెస్సు తెచ్చుకోండి. ఇమడకపోతే మాత్రం నన్నేమీ అనుకోవద్దు."

"ఇమడకేం," అన్నారు మామయ్య, అప్పుడే సగం సామాను సర్దుకున్నట్టు.

బొమ్మగా పక్కింటివాళ్ళ కోడిపుంజును పెట్టుకున్నారు. దాని పొగరుకు ముగ్ధుడు కానివాడు మా వీధిలో లేడు. మా ఆవిడే పల్చటి కాగితం మీద నిండైన పుంజును గీసింది. ఎడమవైపు తోక, కుడివైపు తల, మెడ ఎత్తి ఎవడ్రా అన్నట్టు చూపు. ఆ ఒక్క కాగితాన్నే మామయ్య తన చెక్కల మీదికి దించుకున్నారు, అమ్మ తన రేకు మీదికి దించుకుంది. అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి గనక ఇద్దరూ తిరగేసే దించుకున్నారు. ఆ పాటి పొరపాటు చేసే ఇళ్ళు కావు మావి.

తర్వాత ఇద్దరూ పంతాలకు పోయి పనిచేశారు. అమ్మ మెడ ఈకల్ని ఒక్కొక్కటిగా సూదితో గీసింది. ఒక ఈకకూ పక్క ఈకకూ మధ్య నల్లపూస దూరనంత సందు. రెక్క కింద గుగ్గిలం నీడ మూడు మెట్లుగా దిగుతుంది, ఒక మెట్టు కంటే ఇంకో మెట్టు ముదురు. మామయ్య జుట్టుకూ మెడకూ రెక్కకూ ఎరుపు చెక్క, తోకకు ఆకుపచ్చ చెక్క, కంటికీ కాళ్ళకూ ముక్కుకూ పసుపు చెక్క చెక్కారు. కన్ను ఆవగింజకు అన్న, కందిగింజకు తమ్ముడు. అంతటి చిన్న గుండ్రాన్ని చెక్కలో నిలబెట్టి, చుట్టూ అంతా తీసేసి, ఆ గుండ్రం అంచు విరగకుండా చూడటమంటే సామాన్యం కాదు. నేను ఓసారి వెళ్ళి చూస్తే ఊపిరి బిగపట్టి ఉలి తిప్పుతున్నారు. నేనూ బిగపట్టాను. మా ఆవిడ వచ్చి, "ఏవండీ, ఊపిరి తీసుకోండి, మీరేం చెక్కట్లేదుగా," అంది.

మామయ్య రంగులు ముందు వేసి, బాగా ఆరనిచ్చి, ఆ కాగితాలను తువ్వాల్లో చుట్టి, చెక్కలను సంచీలో వేసుకుని మా షెడ్డుకు తెచ్చారు. తీసి బల్ల మీద పరిస్తే అమ్మ వంగి చూసింది. గీతల్లేని పుంజు, ఉట్టి రంగుల పుంజు, అయినా తల ఎగరేస్తోంది.

"ఎరుపంటే ఇది," అంది. అని, పై కాగితాన్ని రెండు చేతులా ఎత్తి నీళ్ళ తొట్టిలో ముంచేసింది.

మామయ్య గోడ పట్టుకున్నారు. "చెల్లెమ్మా, ముంచేశారేంటి."

"నూనె ఇంకేగా అన్నయ్యగారూ, ఏం కాదు. కాగితం మెత్తబడాలి."

"ఏం కాదని నాకూ తెలుసు. కాని చూడలేను. పెళ్ళిబట్టలతో ఉన్న పిల్లను కాలవలో దించినట్టుంది," అని ఆయన వీధివైపు తిరిగి నిలబడ్డారు.

అమ్మ రేకు వేడి చేసి, ఇంకు పులిమి, గుడ్డతో గుండ్రంగా తుడిచి, ఆఖర్న అరచేత్తో ఓ మెరుపు తెప్పించి, ప్రెస్సు మీద పెట్టింది. కాగితం ఎడమ మూల గుర్తుకు ఆనించి పరిచింది. చక్రం నేను తిప్పాను. కంబళి తీసింది. కాగితాన్ని ఒక మూల పట్టుకుని లేపుతుంటే సన్నగా చిరచిరమని చప్పుడు. ఎన్నేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళైనా ఆ కాగితం తిరగబడే దాకా ఏం వచ్చిందో తెలియదు.

తిరగబడింది. ముందు అందరం పుంజును చూశాం. తర్వాత పుంజు మమ్మల్ని చూడటం లేదని గమనించాం.

దాని పసుపు కన్ను, గీసిన కన్నులో లేదు. బయట, ముక్కు వైపు జరిగి, బియ్యపు గింజంత దూరంలో మెరుస్తోంది. ఎర్రజుట్టు గీత దాటి గాల్లోకి పోయింది. పసుపు ముక్కు, గీసిన ముక్కుకు ముందు ఇంకో ముక్కులా పొడుచుకొచ్చింది.

"దీనికి జలుబు చేసింది," అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు.

"ఉలి జారినట్టుంది," అంది అమ్మ, వీలైనంత మెల్లగా.

"నా ఉలి జారదమ్మా. సూది తొణికిందేమో."

"నా సూదా?"

"నేనన్లేదు. ఏమో అన్నాను."

మా ఆవిడ గీసిన కాగితం తెప్పించారు. దాన్ని తిరగేసి రేకు మీద పెడితే గీత మీద గీత కూచుంది. మామయ్య సంచీలోంచి చెక్కలు తీసి, వాటి మీద పెడితే అంచు మీద అంచు కూచుంది. ఇద్దరిదీ సరిగ్గానే ఉంది. ఇద్దరిదీ కలిస్తే తప్పుగా ఉంది. ఇంకో కాగితం తడిపి తీశారు. రెండో పుంజూ అలాగే పక్కచూపు చూసింది. ఎవరిదో ఒకరిది తప్పని తేలితే ఒకరు తిట్టుకుంటే ఇంకొకరు ఓదార్చేవాళ్ళు. ఏదీ తేలకపోయేసరికి ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా ఇంట్లో మర్యాద మొదలైందంటే పని చెడిందని అర్థం.

"సరేనండీ చెల్లెమ్మగారూ. శ్రమ ఇచ్చాను."

"అయ్యో, శ్రమేముందండీ అన్నయ్యగారూ."

మామయ్య చెక్కలు సంచీలో వేసుకుని, గుమ్మం దగ్గర కూతురి తల మీద చెయ్యి వేసి, "ఆ ఇనుమతన్ని రేపు రమ్మంటాలే. వాడూ పాపం ఎదురుచూస్తున్నాడు," అని వెళ్ళిపోయారు. ఆయన నిలబడ్డచోట పిసరంత పొట్టు కూడా లేదు. అది చూసి నాకు బాధేసింది.

మా ఆవిడ ఆ పూట పుంజుల్ని తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసి, వాటి ముందు స్టూలేసుకుని కూచుంది. అమ్మ వచ్చి, "ఏడుస్తున్నావా?" అంది.

"లేదత్తయ్యా, చూస్తున్నా. ఇలా రండి. తోక చూడండి."

"బాగానే ఉంది."

"బాగా కాదు, అచ్చంగా ఉంది. ఆకుపచ్చ గీత దాటలేదు. ఇప్పుడు రెక్క చూడండి. నూలుపోగంత దాటింది. మెడ దగ్గర ఇంకాస్త. కన్ను దగ్గరికొచ్చేసరికి బియ్యపుగింజ. ఉలి జారితే ఒకచోట జారుతుంది. ఇలా తోక నుంచి ముక్కు దాకా వరసగా పెరుగుతూ జారదు."

"సూదీ అంతే," అంది అమ్మ, కూచుంటూ.

"ఇంకోటి. కాళ్ళ నుంచి జుట్టుదాకా, పైకీ కిందికీ ఏ తేడా లేదు. అంతా అడ్డంగానే."

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆవిడ లేచి వెళ్ళి, అదే కట్టలోంచి తెల్లకాగితాలు రెండు తీసింది. రెండూ బల్ల మీద ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు తట్టి, సమంగా ఉన్నాయని చూపించింది. ఒకదాన్ని తొట్టిలో ముంచింది. నానాక తీసి, అద్దుడు కాగితాల మధ్య ఒత్తి, పొడిదాని మీద పరిచింది. ఎడమ అంచులు కలిపింది. కుడివైపు తడి కాగితం పొడిదాన్ని దాటి బయటికొచ్చింది. బియ్యపు గింజంత.

కాగితానికి కూడా గుడ్డకున్నట్టు పోగు వరస ఉంటుంది. తడిస్తే పోగులు పొడవు సాగవు, లావెక్కుతాయి. అందుకే అడ్డంగా పెరుగుతుంది. మామయ్య జన్మలో కాగితం తడపలేదు గనక అది పెరుగుతుందని చూడలేదు. అమ్మ జన్మలో పొడి కాగితం వాడలేదు. ఒక్క రేకు, ఒక్క లాగుడు, బొమ్మంతా ఒకేసారి పడుతుంది గనక కాగితం పెరిగినా తరిగినా ఆమెకు పట్టలేదు. మామయ్య పొడిగా ఉన్నప్పుడు వేసిన కన్ను, అమ్మ తడిపాక కాగితంతో పాటు కుడివైపు నడిచింది. రెండు గొప్ప ఇళ్ళు కలిస్తేనే పుట్టే తప్పు అది. ఏ ఒక్కరి దగ్గరా ఎన్నేళ్ళు పనిచేసినా దొరకదు.

అమ్మ ఆ తడి కాగితాన్ని వేలితో నిమిరింది. "ఇన్నేళ్ళుగా నా చేతిలో పెరుగుతూనే ఉందన్నమాట. ఒక్కసారీ చెప్పలేదు."

మర్నాడు పొద్దున్నే అమ్మ చేసిన పనికి నేను తయారుగా లేను. కాగితాలు నానబెట్టి, సరైన చెమ్మకు తెచ్చి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి, ప్లాస్టిక్ షీటులో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి, గుండెకానించుకుని, "నడవండి," అంది. మామయ్య షాపులో అమ్మ అడుగుపెట్టడం అదే మొదటిసారి. మడమల దాకా పొట్టు. చీర కుచ్చిళ్ళు ఎత్తుకోకుండానే నడిచి వెళ్ళి, పొట్టు నిండిన స్టూలు మీద దులపకుండా కూచుంది.

షాపు ముందు పాత ఇనుమతని లారీ ఆగి ఉంది. అతను ప్రెస్సు కాళ్ళకు తాడు కడుతున్నాడు. మామయ్య ఓ పక్కన నిలబడి, సాయం పట్టనా మాననా అన్నట్టు ఉన్నారు.

"అన్నయ్యగారూ, తప్పు మీ ఉలిదీ కాదు, నా సూదిదీ కాదు. కాగితానిది," అని మా ఆవిడను ముందుకు తోసింది. మా ఆవిడ తడికాగితం, పొడికాగితం అక్కడ కూడా పరిచి చూపించింది. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"అయితే చెక్కలు మళ్ళీ చెక్కాలా?"

"అక్కర్లేదు నాన్నా. కాగితం ముందే పెరిగుంటే చాలు. నీ రంగులు కూడా తడి మీదే వెయ్యి. ఆరకముందే అత్తయ్య గీతలు వేస్తారు. తర్వాత ఆరితే రెండూ కలిసే తగ్గుతాయి."

"తడి కాగితం మీద చెక్కా." మామయ్య మొహం చేదుమందు తాగినట్టు పెట్టారు. "చేప మీద పేరు రాసినట్టుంటుందే."

"రాసి చూడండి," అంది అమ్మ.

పాత ఇనుమతను తాడు చేతిలో పట్టుకుని, "ఇంతకీ లాగమంటారా, ఆపమంటారా?" అన్నాడు.

"కూచో నాయనా," అంది అమ్మ. "పుంజు కళ్ళు తెరిచేదాకా కూచో."

ప్రెస్సుకు తాళ్ళు కట్టేసి ఉన్నాయి గనక మామయ్య చేత్తోనే అచ్చు తియ్యడానికి దిగారు. గోడకు తగిలించిన చెక్క గరిటె తీశారు. దానితో కూర కలిపి ఎన్నాళ్ళైందో, వీపు అరిగి గాజులా ఉంది. రోలరు మీద ఇంకు ఎప్పుడూ తీసుకునే దాంట్లో సగం తీసుకున్నారు. తడిలో పాకుతుందని భయం. పసుపు చెక్క మీద రోలరు నడిపారు. కాగితం మూల ఆనించి పరిచి, పైన ఇంకో పల్చటి కాగితం వేసి, గరిటె వీపుతో రుద్దడం మొదలుపెట్టారు. చిన్న చిన్న సున్నాలుగా, అంచు నుంచి లోపలికి, కన్ను ఉన్నచోట బొటనవేలితోనే. చంటిబిడ్డకు నూనె రాసే చెయ్యి అది. ఇనుమతను తాడు కింద పెట్టేశాడు.

తర్వాత ఎరుపు, ఆ తర్వాత ఆకుపచ్చ. మూడోది పడ్డాక కాగితం ఎత్తారు. ఎత్తి, కిటికీ దగ్గరకు పోయి, మాకు వీపు పెట్టి నిలబడ్డారు. ఎంతకీ తిరగలేదు.

"పాకిందా నాన్నా?"

"ఇలా రావే," అన్నారు.

పాకలేదు. పొడి కాగితం మీద ఎరుపు పైన అట్టకట్టినట్టు ఉండేది. ఇక్కడ కాగితం దాన్ని తాగి తనదిగా చేసుకుంది. అంతకంటే వింత, చెక్కలోని ఈనెలు అచ్చులో లేచి వచ్చాయి. చెట్టు ఏటేటా పెరిగిన వరసలు పుంజు తోకలో ఈకల మీది సన్నగీతల్లా పడ్డాయి. ఉలితో ఎవరూ చెక్కలేనివి.

"ఇవన్నీ ఈ చెక్కలోనే ఉన్నాయి," అన్నారు మామయ్య. "నేనే మందంగా ఇంకు పులిమి ఇన్నాళ్ళూ నోరు నొక్కాను."

ఆరిపోకముందే షెడ్డుకు చేరాలి. నడిస్తే ఆరుతుంది. అందరం ఇనుమతని లారీ ఎక్కాం. అమ్మ ముందు సీటులో, ఒళ్ళో పలక, పలక మీద తడి అద్దుడు కాగితం, దాని మీద పుంజు, పైన తగలకుండా గొడుగులా పట్టిన ప్లాస్టిక్ షీటు. "గుంతల్లో మెల్లగా పోనీ," అని ఆమె అన్నప్పుడల్లా ఇనుమతను, "పోనిస్తున్నానమ్మా, నాకూ చూడాలనే ఉంది," అన్నాడు.

షెడ్డులో అమ్మ రేకు తుడుస్తుంటే నేను ఆశ్చర్యపోయాను. ఆమె తుడుపు ఊళ్ళో పేరున్న తుడుపు. రేకు మీద పొగలాంటి పొర ఒకటి కావాలనే వదులుతుంది. అది వదలడంలోనే ఉంది ఆమె గొప్పంతా. ఆ రోజు గుడ్డతో తుడిచి, అరచేతికి సుద్దపొడి రాసుకుని మళ్ళీ తుడిచి, ఇంకా తుడిచింది. పొర మొత్తం పోయి గీతలు మాత్రం మిగిలాయి.

"నీ పొగ ఏదమ్మా?" అన్నాను ఉండబట్టలేక.

"ఆ ఎరుపు మీద పొగ పెట్టమంటావా?" అంది తల ఎత్తకుండా. ఎత్తకుండానే, రెక్క కింద మాత్రం చెయ్యి కాస్త తేలిక చేసి, ఎవరూ అడగని ఒక్క మసకను అక్కడ దాచుకుంది. అది నేనొక్కణ్ణే చూశాననుకుంటాను.

చక్రం ఈసారి మామయ్య పట్టుకున్నారు. తిప్పడంలో తడబడితే అమ్మ, "ఆగకండి అన్నయ్యగారూ, ఆగితే గీత పడుతుంది, మెత్తగా ఒక్క ఊపున," అంది. కంబళి తీశారు. మూల పట్టుకుని మా ఆవిడ లేపింది. చిరచిరమని చప్పుడు. కాగితం తిరిగింది.

పుంజు మమ్మల్ని చూసింది.

కన్నులో కన్ను, ముక్కులో ముక్కు. ఒక్కో ఈక కింద ఎరుపు సరిగ్గా గీత దగ్గరకొచ్చి ఆగింది, గట్టు దగ్గర ఆగిన నీళ్ళలా. అమ్మ గీసిన ఈకల మధ్య మామయ్య చెక్కలోని చెట్టు కనిపిస్తోంది. ఎక్కడ రాగి ఆగిందో ఎక్కడ చెక్క మొదలైందో మాకే తెలియలేదు. ముందుగా మాట్లాడినవాడు ఇనుమతను.

"దాన్ని పట్టుకెళ్ళి కరిగిద్దామనుకున్నానా నేను," అన్నాడు. ప్రెస్సు గురించి.

అమ్మ చేతులు కడుక్కుని, షెడ్డంతా ఒకసారి కలయజూసింది. ఆసిడ్ తొట్టి ఎక్కడుంది, గాలి ఎటునుంచి ఎటు పోతోంది అని చూపుతో కొలుచుకుంటూ తిరిగింది. కిటికీ పక్కన నిలబడి తల అడ్డంగా ఊపింది. నాన్న రాయి మీద చెయ్యి వేసి, అక్కడినుంచి కదలకుండా, వాకిలి పక్కమూల చూసింది. అక్కడ నా చట్రాలు, నా ఇంకు డబ్బాలు, నా సంచుల కట్టలు ఉన్నాయి.

"పొట్టు బయటికి పోవాలంటే వాకిలి పక్కనే ఉండాలి," అంది. "ఒరేయ్, నీ జల్లెళ్ళు వసారాలో పెట్టుకో."

"అమ్మా, వసారాలో ఎండ."

"సంచులు తొందరగా ఆరతాయి."

మా ఆవిడ వైపు చూశాను. ఆమె అప్పటికే నా చట్రాలు రెండు చంకలో పెట్టుకుని బయటికి నడుస్తోంది. ఇనుమతను లారీని వెనక్కి తిప్పుతున్నాడు, ప్రెస్సును తేవడానికి. మామయ్య మాత్రం షెడ్డులోంచి దిగి, గుమ్మం బయట నిలబడి, చొక్కా విప్పి దులిపి, మీసం దులిపి, చెవులు దులిపి, అప్పుడు మళ్ళీ లోపలికి అడుగుపెట్టారు.